కాగితం పూల కోసమే

జనవరి 18, శనివారం

వచ్చేశాను.

రెండు చీరలు, ఒక చుడీదారు, నా అట్టపెట్టె. పెట్టెలో కాగితంలోంచి పూలు కొట్టే పంచులు, కత్తెరలు, పట్టకారు, ఇంకా కత్తెర పడని రంగు కాగితాలు. గన్నవరంలో బస్సెక్కితే కండక్టరు "ఏంటమ్మా అంత గట్టిగా పట్టుకున్నావ్, పైన పెట్టు" అన్నాడు. పెట్టలేదు. గుణదల దాకా ఒళ్లోనే ఉంది.

తలుపు అన్నయ్య తీశాడు. ఆటోనగర్‌లో తన రేడియేటర్ షెడ్డు నుంచి అప్పుడే భోజనానికి వచ్చినట్టున్నాడు, చేతులు ఇంకా నల్లగా ఉన్నాయి. నా వెనక ఎవరూ లేకపోవడం చూశాడు.

"కొట్టాడా?"

"లేదు."

"తాగొచ్చాడా?"

"ఆయన తాగరన్నయ్యా. నీకు తెలుసుగా."

"మరి?"

చెప్పాను. అన్నయ్య కాసేపు నా మొహం చూసి, వంటింటివైపు తిరిగి "స్టెల్లా, చెల్లికి కంచం పెట్టు" అన్నాడు. అంతే. ఏదైనా అని ఉంటే బాగుండేది.

మేనకోడలు గుంటూరులో హాస్టల్లో ఉంది. దాని గది నాకిచ్చారు. ఈ డైరీ దాని బల్ల మీద దొరికింది. ఎవరో ఊరికే ఇచ్చిన డైరీ, ఒక్క అక్షరం రాయలేదు. ఇక్కడ నాకు మాట్లాడడానికి ఎవరూ లేరు కాబట్టి ఇందులో రాస్తాను.

ఏడవలేదు. రాసిపెట్టుకుంటున్నాను, ఏడవలేదు.

జనవరి 19, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. ఫోన్ చూడలేదు.

జనవరి 21, మంగళవారం

అందరూ అడుగుతున్నారు. అడిగినవాళ్లకల్లా ఒక ముక్క చెప్తున్నాను. వరసగా ఒకసారి రాసుకుంటే నాకైనా అర్థమవుతుంది.

పటమటలో ఉషశ్రీ గారని, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. వాళ్లమ్మగారి ఎనభయ్యో పుట్టినరోజుకి స్క్రాప్‌బుక్ చేసిపెట్టమన్నారు. అన్నీ పాత నలుపు తెలుపు ఫొటోలు. "ఫొటోల్లో రంగుల్లేవు, రంగులు నువ్వే పెట్టాలమ్మా" అన్నారు. చామంతులు, గన్నేర్లు, మందారాలు చేశాను. పేజీకో సీతాకోకచిలుక. రెండు పొరలుగా కత్తిరించి, పైపొరని ఒంటి దగ్గర మాత్రమే అంటించాలి. అప్పుడు పేజీ తిప్పినప్పుడల్లా రెక్కలు లేస్తాయి. క్రిస్మస్ ముందు మొదలుపెట్టి, వంటకీ వంటకీ మధ్య చేశాను. ఆరడానికి బిస్కెట్ డబ్బాల్లో పెట్టేదాన్ని. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి వచ్చి రోజూ ఆ డబ్బాల్లోకి తొంగి చూసేవారు. "బాగున్నాయి హెప్సీ" అని కూడా అన్నారు ఒకరోజు.

శుక్రవారం కూరగాయలకి వెళ్లొచ్చేసరికి బాత్రూంలో నీళ్ల చప్పుడు. ఆయన చొక్కా చేతులు మడుచుకుని పీట మీద కూర్చున్నారు. ముందు బకెట్, పక్కన నా డబ్బాలు. ఒక్కో పువ్వూ తీసి నీళ్లలో ముంచి, మెత్తబడేదాకా వేళ్లతో పట్టుకుని, వదిలేసి, ఇంకోటి తీస్తున్నారు. ఆకుకూర కడిగినట్టు. నన్ను చూసి కంగారు పడలేదు.

"కళ్లు పాడైపోతున్నాయి నీకు. నీ మంచికే హెప్సీ."

అని ఇంకో సీతాకోకచిలుక తీసి, నేను చూస్తుండగా ముంచారు.

కోపంలో చేసుంటే నేనూ నాలుగు అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, తర్వాత అన్నం వండేదాన్ని. ఆయనకి కోపం లేదు. అదే.

అత్తయ్య హాల్లో పప్పు బాగుచేస్తున్నారు. తలెత్తలేదు. నేను పొయ్యి మీద పాలు దించి, పెట్టె సర్దుకున్నాను. మర్నాడు ఆయన స్నానానికి వెళ్లినప్పుడు బయటికొచ్చాను.

క్రిస్మస్ పాట సంగతి రాయను. అది వేరు.

జనవరి 24, శుక్రవారం

వదిన మంచిది. మంచిది కాబట్టే ఇవాళ ఈ మాట అంది. ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం.

"కొట్టాడని చెప్పెయ్యి హెప్సీ."

"కొట్టలేదుగా."

"ఒక్క దెబ్బ అని చెప్పు చాలు. పాస్టర్ గారు కూడా నోరెత్తరు. మీ అన్నయ్యకి షెడ్డు దగ్గర చెప్పుకోడానికి ఒక మాటుంటుంది. ఇప్పుడేం చెప్పమంటావ్ మమ్మల్ని? కాగితం పూల కోసం కాపురం వదిలేసి వచ్చిందని చెప్పమంటావా?"

"అదే చెప్పు."

"నవ్వుతారే."

"నవ్వనీ."

"నీ మంచికే చెప్తున్నా..."

"ఆ మాట మాత్రం ఇంకోసారి నా దగ్గర అనకు వదినా."

వదిన చెయ్యి ఆగిపోయింది. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

మధ్యాహ్నం గదిలో అద్దం ముందు నిలబడి అని చూశాను. "కొట్టారు." నోరు బాగానే తిరిగింది. ఆ ఒక్క మాటతో అందరూ నా వైపు వచ్చేస్తారు. అన్నయ్య అయితే అప్పటికప్పుడు బండి తీస్తాడు. కానీ ఆ మాట అన్నానంటే, ఆ బకెట్ ఏమీ కాదని నేనే ఒప్పుకున్నట్టు. అది చాలదు కాబట్టి దెబ్బ కూడా కలిపానన్నట్టు.

చాలు. అది చాలు.

జనవరి 26, ఆదివారం

చర్చికి వెళ్లాను. తలెత్తుకునే వెళ్లాను. వెనక వరసలో ఎవరో గుసగుసగా "కాగితం పూల కోసమట" అన్నారు. వెనక్కి తిరిగి "అవునండి" అన్నాను. ఆవిడ గబగబా పాటల పుస్తకం తెరిచింది.

ఫోన్ చూడలేదు. ఛార్జింగ్ మాత్రం పెట్టాను.

జనవరి 29, బుధవారం

ఉషశ్రీ గారు ఫోన్ చేశారు. ఎంతవరకొచ్చిందమ్మా అని.

"మొత్తం పాడైపోయిందండి."

"అయ్యో, ఎలాగ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. వాన అనో, ఎలకలనో చెప్పొచ్చు. "మా ఆయన నీళ్లలో ముంచేశారండి. కావాలనే" అన్నాను.

అవతల కేలండరు కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఫంక్షను ఫిబ్రవరి పదహారు. అవుతుందా?"

"అవుతుందండి."

"అయితే మొదలుపెట్టు."

జాలి పడలేదు, సలహా చెప్పలేదు. ఫోన్ పెట్టాక వన్‌టౌన్ వెళ్లి, కాగితాల కొట్లన్నీ తిరిగి, పసుపులోనే నాలుగు రకాలు ఏరుకున్నాను. చామంతికి ఒక్క పసుపు సరిపోదు. లోపలి రేకులకి ముదురు, బయటివాటికి లేత. స్పాంజి మీద పెట్టి కొసన గుండు ఉన్న కాడతో నొక్కితే రేకు చిన్న గిన్నెలా లేస్తుంది. అలా లేచినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషమే. చిన్నపిల్ల సంతోషం. దాన్ని ఎవరికీ అప్పజెప్పను.

గదిలో కాదు, హాల్లో భోజనాల బల్ల మీదే పరుచుకున్నాను. అన్నయ్య వచ్చి చూసి "అన్నం తినే బల్ల ఇది" అన్నాడు.

"తినేటప్పుడు తీస్తాను. తిన్నాక మళ్లీ పెడతాను."

తీశాను. తిన్నాక మళ్లీ పెట్టాను.

ఫిబ్రవరి 1, శనివారం

క్రిస్మస్ పాట వేరు అని రాశాను. వేరు కాదు.

పెళ్లయిన మొదటి క్రిస్మస్. చర్చిలో కీబోర్డు ఆయనే వాయిస్తారు. ఒంటరిగా పాడడం నా వంతు. చిన్నప్పటి నుంచీ పాడేదాన్ని. ఇంట్లో నెలంతా ఒక శృతిలో ప్రాక్టీసు చేయించారు. ఆ రోజు అందరి ముందూ శృతి పెంచి ఎత్తుకున్నారు. రెండో చరణంలో నా గొంతు చీలిపోయింది. ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చాక తల నిమిరి "పర్లేదు హెప్సీ, అందరికీ అన్నీ రావు" అన్నారు. నేను ఆయన భుజం మీదే ఏడ్చాను. మళ్లీ పాడలేదు.

శృతి మార్చే మీటకి వేలు పొరపాటున తగిలిందేమో అనుకుంటూ వచ్చాను. నాలుగేళ్లు అనుకున్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఫోన్ చూడలేదు.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఆయన వచ్చారు. తెల్ల చొక్కా, నవ్వు మొహం. వదిన పెట్టిన ఉప్మా మెచ్చుకుంటూ తిన్నారు. అన్నయ్య షెడ్డు ఇన్సూరెన్సు కాగితాలు తనే చూస్తానన్నారు. పావుగంటలో ఇల్లంతా ఆయన వైపు అయిపోయింది. నేను బల్ల దగ్గర కూర్చుని కత్తిరిస్తూనే ఉన్నాను.

వెళ్లబోతూ బల్ల దగ్గరికి వచ్చి ఒక సీతాకోకచిలుకని రెండు వేళ్లతో ఎత్తారు. వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇంకా బాగా కుదిరింది ఇది" అని, ఎంత జాగ్రత్తగా అంటే అంత జాగ్రత్తగా, ఎక్కడ తీశారో అక్కడే పెట్టారు.

నేను మిగతావన్నీ నా వైపుకి లాక్కున్నాను. వదిన మాత్రం "చూశావా, ఎంత మారిపోయాడో" అంది.

ఆదివారం మధ్యాహ్నం పాస్టర్ గారింట్లో మాట్లాడతారట. అత్తయ్య కూడా వస్తారట.

ఫిబ్రవరి 9, ఆదివారం

మరియమాత తిరనాళ్లు మొదలయ్యాయి. రోడ్డంతా జనం, కొవ్వొత్తులు, మైకులు. పాస్టర్ గారింటికి ఆ జనంలోంచి నడిచి వెళ్లాం. అన్నయ్య ముందు, వదిన వెనక, మధ్యలో నేను, తప్పిపోతానన్నట్టు.

హాల్లో పాస్టర్ గారు, సంఘ పెద్ద శౌరయ్య గారు, మా ఆయన కిరీటి, మూలగా కుర్చీలో అత్తయ్య. టీపాయ్ మీద రంగు కాగితం చుట్టిన పెద్ద పెట్టె. ప్రార్థన అయ్యాక కిరీటి లేచి నిలబడ్డాడు.

"నాదే తప్పు పాస్టర్ గారూ. ఆవిడ కళ్ల గురించి భయపడ్డాను గానీ, మనసు గురించి ఆలోచించలేదు. అందరి ముందూ సారీ చెప్తున్నాను." పెట్టె నా వైపు జరిపాడు. "హైదరాబాద్ నుంచి తెప్పించాను హెప్సీ. కాగితాలు దానంతటదే కత్తిరిస్తుంది. పూలు, సీతాకోకచిలుకలు, ఏది కావాలంటే అది. నువ్వు కళ్లు పొడుచుకోనక్కర్లేదు."

వదిన కళ్లు తుడుచుకుంది. శౌరయ్య గారు "ఇంకేం కావాలమ్మా? ఇలాంటి భర్త ఎంతమందికి దొరుకుతాడు?" అన్నారు. పాస్టర్ గారు నెమ్మదిగా అడిగారు. "అమ్మా హెప్సిబా, నువ్వేమంటావు?"

కూర్చుని మాట్లాడితే వినపడదని లేచాను.

"నాకు మిషను వద్దండి."

"బెట్టు చెయ్యకమ్మా," అన్నారు శౌరయ్య గారు. "నిన్ను కొట్టాడా, తిట్టాడా? ఏదో కాగితం పూల కోసం..."

"అవునండి, కాగితం పూల కోసమే. ఇంకేదో ఉండి దాస్తున్నానని అందరూ అనుకుంటున్నారు. ఏమీ లేదు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నేను ఇష్టంగా చేసుకున్నవి ఒక్కొక్కటే తీసి, నేను చూస్తుండగా నీళ్లలో ముంచారు. కోపం కూడా లేకుండా ముంచారు. ఆ చేతులతో అన్నం పెట్టినా నేను తినలేను. మిషను తెచ్చినా తీసుకోలేను. మీకు ఇది చిన్న విషయమైతే, చిన్న విషయానికే వచ్చేశానని రాసుకోండి."

కిరీటి నవ్వుతూనే ఉన్నాడు. "ఆవేశంలో ఉంది పాస్టర్ గారూ. నాలుగు రోజులు పోతే..."

"దాని తాళం ఎవరి దగ్గరుంటుంది రా?"

అత్తయ్య. ఆవిడ పెద్దగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పేరు జీవరత్నం గానీ, ఇంట్లో ఆవిడని ఎవరూ పేరు పెట్టి పిలవరు. కుర్చీ చేతులు పట్టుకుని లేచారు.

"మీ నాన్న నా కుట్టుమిషను తీసుకెళ్లి కాలవలో పడేశాడు. నేను ఒడ్డునే ఉన్నాను. వీధిలో వాళ్లకి జాకెట్లు కుడుతున్నానని. ఆ రోజూ ఇలాగే కూర్చోబెట్టారు నన్ను. మిషనే కదమ్మా అన్నారు. మీ నాన్న కొత్తది కొనిచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దానికి మూత ఉండేది, మూతకి తాళం ఉండేది. ఆ తాళం చెవి ఆయన జేబులో ఉండేది. పోయేదాకా జేబులోనే ఉంది."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఊరుకునే కదరా నిన్ను ఇంతవాణ్ణి చేశాను."

మొదటిసారి కిరీటి మొహంలో నవ్వు లేదు. నవ్వు పోయాక ఆ మొహంలో ఏముంటుందో చూడాలంటే నాలుగేళ్లుగా భయపడ్డాను. చూశాను. ఏమీ లేదు. చిరాకు పడ్డ మనిషి మొహం, అంతే.

పాస్టర్ గారు ఇంకో ప్రార్థన చేశారు. ఏమీ తేలలేదు. మైకులో ఎవరో తప్పిపోయిన పిల్ల పేరు పిలుస్తున్నారు. గుమ్మం దగ్గర అత్తయ్య నా చెయ్యి పట్టుకుని వెంటనే వదిలేశారు. కిరీటి పెట్టె చంకన పెట్టుకుని, ఆవిడని కారెక్కించాడు.

ఇంటిదాకా అన్నయ్య వెనక్కి తిరగకుండా ముందు నడిచాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

ఫోన్ చూశాను. రోజూ చూస్తూనే ఉన్నాను. చూడలేదని ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఆయన కీబోర్డు మీద ఊరికే వేళ్లు ఆడించే సాయంకాలాలు గుర్తొచ్చి బాగా ఏడ్చాను. ఏడ్చినంత మాత్రాన తిరిగి వెళ్లిపోతానని కాదు.

ఫిబ్రవరి 13, గురువారం

చివరి మందారం. మెడ పట్టేసింది. మునుపు చేసినవాటికన్నా ఇవే బాగున్నాయి. గొప్పకి రాయడం లేదు, పక్కన పెట్టి చూపించే వీలుంటే చూపించేదాన్ని.

ఫిబ్రవరి 16, ఆదివారం

స్క్రాప్‌బుక్ ఇవ్వడానికి పటమట వెళ్లాను. ఇచ్చి వచ్చేద్దామనుకుంటే ఉషశ్రీ గారు కూర్చోబెట్టారు. వాళ్లమ్మగారు పట్టుచీర కట్టుకుని సోఫాలో ఉన్నారు. వేళ్లు వంకర్లు పోయాయి, చూపు మాత్రం చురుకు. పేజీలు తిప్పుతుంటే రెక్కలు లేచాయి. ఆవిడ మళ్లీ వెనక్కి తిప్పి, మళ్లీ లేపారు. తన పెళ్లిఫొటో వచ్చేసరికి ఆగి, పక్కన అంటించిన చామంతిని గోటితో పట్టి లాగేశారు.

అందరూ "అయ్యో అయ్యో అమ్మమ్మా" అన్నారు. ఆవిడ దాన్ని ముడిలో దోపుకుని "అద్దం పట్రండి" అన్నారు.

"ఆ అమ్మాయి అంత కష్టపడి చేస్తే పీకేశావేంటమ్మా!" అన్నారు ఉషశ్రీ గారు.

"పువ్వు చేసింది పెట్టుకోడానికి కాదా ఏం? ఏమ్మా?" నన్నే అడిగారు.

"పెట్టుకోడానికేనండి."

నా పువ్వు పోయినందుకు బాధేస్తుందేమోనని చూసుకున్నాను. వెయ్యలేదు. ఇంకోటి చేసి పేజీలో అంటించి ఇస్తానన్నాను. వచ్చేటప్పుడు ఉషశ్రీ గారు తనకి తెలిసిన స్కూల్లో క్రాఫ్ట్ టీచరు కావాలంటున్నారు, వెళ్లి కలువు అన్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

స్కూలు వాళ్లు రమ్మన్నారు. లాయరు గారిని కలిశాను. క్రీస్తురాజపురంలో మేడ మీద గది చూశాను. అన్నీ ఒకేసారి అన్నయ్యకి చెప్పాను.

"ఇక్కడుంటే ఎవరు కాదన్నారు?" అన్నాడు.

"ఎవరూ కాదనలేదు. కానీ నువ్వు అవునని కూడా అనలేదన్నయ్యా."

రేడియేటర్ ఏదో అర్జెంటని ఆదివారం పూట షెడ్డుకి వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి, నా వైపు చూడకుండా, "సామాను ఎప్పుడు మార్చాలో చెప్పు, ట్రాలీ ఆటో మాట్లాడతాను" అన్నాడు.

మార్చి 1, శనివారం

గదిలోకి వచ్చాను. ఇంటావిడ పేరు వెంకటరత్నమ్మ గారు. "ఒక్కదానివేనా?" అన్నారు. "ఒక్కదాన్నేనండి." "వంటలో మాంసం వండుతావా?" "వండుతానండి." "సరే, వాసన కిందకి రాకుండా చూడు." అయిపోయింది.

మధ్యాహ్నం అత్తయ్య వచ్చారు. కొడుక్కి చెప్పకుండా, బస్సు మారి. ఒక కుక్కరు, సంచిలో బియ్యం. మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుని గది చూశారు.

"ఇక్కడే ఉండండత్తయ్యా."

"వాడొక్కడూ ఏం తింటాడమ్మా?"

నాకు కోపం వచ్చింది. ఆ రోజు అంత మాట్లాడిన మనిషి ఈ మాటా అంటారా! దాచుకోకుండా అన్నాను. "వాడు మీ చేతి వంట తిని మిమ్మల్నే ఊరుకోమంటాడు."

"ఇప్పుడు అనడంలే. నేను గదిలోకి వస్తే తను బయటికి పోతున్నాడు." చెంగుతో మొహం తుడుచుకున్నారు. "వాడు నా కొడుకమ్మా. నువ్వు రావక్కర్లేదు. నేను వెళ్తాను. అంతే తేడా."

బస్టాపు దాకా వెళ్లి ఎక్కించాను. మళ్లీ రమ్మన్నాను. వస్తానన్నారు.

మార్చి 8, శనివారం

కొత్త పని, పెళ్లి పిలుపు కార్డులకి గన్నేరు పూలు. పొద్దున్నే మొదలుపెట్టాను. గదిలో బల్ల లేదు, చాప పరిచి, చాప నిండితే నేల మీద, నేల నిండితే మంచం మీద. రేకులు, సగం అతికినవి, జిగురు ఆరనివి, కాడలు. అడుగు పెట్టే చోటు లేదు.

అన్నీ డబ్బాల్లోకి ఎత్తబోయి ఆగాను. బయటికి వెళ్లేముందు దాచడం నాకు అలవాటు. ఎప్పుడు మొదలైందో కూడా గుర్తులేని అలవాటు.

ఎత్తలేదు. ఎక్కడివక్కడే వదిలేసి, తలుపు తాళం వేసి వెళ్లాను. పని ఏమీ లేదు. కావాలనే వెళ్లాను. బస్సెక్కి బ్యారేజీ దాకా పోయి గేట్ల దగ్గర నిలబడ్డాను. మొక్కజొన్న పొత్తు తిన్నాను. కృష్ణలంక వైపు ఎవరో గాలిపటం ఎగరేస్తుంటే అది దిగేదాకా చూశాను. ఇక వెళ్దామనిపించినప్పుడు వెళ్లలేదు. ఇంకాసేపు ఉన్నాను.

మెట్లెక్కుతుంటే గుండె కొట్టుకుంది. తాళం నాది, చెవి నా చేతిలోనే ఉంది, అయినా కొట్టుకుంది. నీళ్ల చప్పుడు ఏమైనా వినపడుతుందా అని మధ్య మెట్టు మీద ఆగి విన్నాను. కింద వెంకటరత్నమ్మ గారి టీవీ తప్ప ఏమీ లేదు.

తలుపు తీశాను.

చాప మీదవి చాప మీద. మంచం మీదవి మంచం మీద. జిగురు ఆరింది. ఒక్క రేకు కూడా కదల్లేదు.

లోపల అడుగు పెట్టే చోటు లేక గుమ్మంలోనే కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో. తర్వాత కొన్ని పక్కకి జరిపి దారి చేసుకుని, పొయ్యి వెలిగించి, నా ఒక్కదానికి అన్నం వండుకున్నాను. ఉడికేదాకా ఏదో పాట పాడుతున్నానని, కింద నుంచి వెంకటరత్నమ్మ గారు "కాస్త గట్టిగా పాడమ్మా, సగం సగం వినపడుతోంది" అని కేకేసేదాకా నాకు తెలియదు.

గట్టిగా పాడాను.